సద్ది ఎవరిది?

'చద్ది' అనగానే చాలామంది ముఖం చిట్లిస్తారు. పాతబడ్డ కబురు చెబితే "చద్దివార్త" అని తీసిపారేస్తారు. మళ్ళీ వాళ్ళే "పెద్దల మాట చద్దిమూట" అని పిల్లలకు నీతులు చెబుతారు! ఒకే మాట అక్కడ వెక్కిరింతగా, ఇక్కడ దీవెనగా ఎలా చెల్లుతోందండీ?

మా స్టేషన్ ఘన్‌పూర్ వైపు వస్తే ఈ చిక్కు సగం విడిపోతుంది. మా నోట అది సద్ది. రాత్రి మిగిలిన అన్నమూ సద్దే, పొలానికి గుడ్డలో కట్టుకుపోయేదీ సద్దే. రైలెక్కబోయే పిల్లను "సద్ది కట్టుకున్నవా బిడ్డా?" అని అడిగారంటే, దారిలో పస్తుండకూడదన్న బెంగ అది. అసలు మాట చలిది. అంటే చల్లారిన అన్నం. అదే చల్ది, చద్ది, సద్ది అయింది. చల్లారడం వేరు, పాచిపోవడం వేరు కదా!

ఈ తేడా పట్టుకోకపోతే పోతనను సరిగా చదవలేం. ఆయన పేరులోని బమ్మెర మాకు దగ్గరే, పాలకుర్తి పక్కన. 15వ శతాబ్దపు ఆ కవి భాగవతం దశమస్కంధంలో కృష్ణుడు గోపబాలురతో చల్దులారగించే ఘట్టం రాశాడు. దేవుడికి పాచన్నం పెట్టాడేమిటని నొచ్చుకోనక్కర్లేదు. అది అడవికి కట్టుకెళ్ళిన మూట. సంస్కృత మూలంలో కృష్ణుడి వేళ్ళ సందున 'ఫలాలు' అని మాత్రమే ఉంటే, పోతన అక్కడ ఊరగాయలు ఇరికించాడు. చేతిలో మీగడపెరుగు కలిపిన ముద్ద. ఒక పిల్లవాడు పక్కవాడి కంచంలోది లాక్కుని మింగేసి, "చూడు, లేదు" అని నోరు తెరిచి చూపిస్తాడు. ఇంత అల్లరి మన ఇళ్ళ పిల్లల్ని చూడకుండా రాయగలరా?

అయితే ఆడదాన్ని కదా, నా కళ్ళు ఆ మూటలు కట్టిన చేతుల కోసం వెతుకుతాయి. ఆ బంతిలో తల్లులెవరూ లేరు. తర్వాత బ్రహ్మ ఆ పిల్లల్ని దాచేస్తే, కృష్ణుడే అందరి రూపాలూ ధరించి ఏడాదిపాటు ఆ ఇళ్ళకు వెళతాడు. తల్లులకు తమ బిడ్డలమీద ప్రేమ ముందెన్నడూ లేనంతగా పెరుగుతుంది. సద్ది బాకీ అలా తీరిందని నేను చదువుకుంటాను.

మన ఇళ్ళలో మాత్రం ఆ బాకీ అలాగే ఉంది. పొద్దున్నే వేడివేడిగా వండి, చల్లార్చి, డబ్బాల్లో సర్ది మగవాళ్ళకూ పిల్లలకూ ఇచ్చేది ఒక సద్ది. అందర్నీ పంపించాక, పారేయడానికి మనసొప్పక వంటింట్లో నిలబడే తినేది ఇంకో సద్ది. ఒక మాటకున్న రెండర్థాలనూ ఒకే ఇంట్లో ఇలా పంచి పెట్టేశాం! రాత్రి నీళ్ళలో నానిన అన్నం పొద్దుటికి పులిసి, మజ్జిగా ఉల్లిపాయా తోడైతే ఎంత కమ్మగా ఉంటుందో నాకూ తెలుసు. దాన్ని ఇప్పుడు హోటళ్ళలోనూ అమ్ముతున్నారు. నా గొడవ అన్నంతో కాదు, పంపకంతో.

అందుకే నాకు సద్దుల బతుకమ్మ అంటే అంత ఇష్టం. ఆ తొమ్మిదోనాడు చింతపండు పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది అప్పటికప్పుడు కలుపుకుంటాం. బతుకమ్మను నీళ్ళలో సాగనంపి, చెరువుగట్టున కూర్చుని, ఒకరికొకరు పెట్టుకుని తింటాం. కట్టిన చేతులే విప్పే సద్ది అది.

ఏడాదికి ఒక్కరోజు చాలదు. రేపు నలుగురికి డబ్బాలు సర్దేటప్పుడు, అయిదోది మీకోసం కట్టుకోండి.