పరామర్శకు చెప్పనిది

ఈ వారం ఓ మిత్రుడి డిశ్చార్జి ఫైలు చూసి ఒళ్లు మండింది. బైపాస్ అయింది. ఎకో, ఈసీజీ, క్రియాటినిన్, ఏ పూటకు ఏ మాత్ర, అన్నీ కంప్యూటర్‌లో కొట్టి ఇచ్చారు. మనసెలా ఉందన్న గడి మాత్రం ఒక్కటీ లేదు. బైపాస్ అయినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరిని తీవ్రమైన డిప్రెషన్ పట్టుకుంటుందని గుండె డాక్టర్లకు తెలియనిది కాదు.

మనిషిని మనిషే పలకరించాలని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. ఈసారీ అదే రాయబోతుంటే మా మేనమామ గుర్తొచ్చాడు.

ఆయన ఛాతీ ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చాక ఊరంతా పరామర్శకు వచ్చింది. "ఇక నూరేళ్లూ ఢోకా లేదు మావయ్యా" అనేవాళ్లం. నిద్ర పట్టిందా అంటే "బ్రహ్మాండంగా" అనేవాడు. రాత్రుళ్లు దిండు ఛాతీకి అదుముకుని మంచం మీద కూర్చునే ఉండేవాడు. దగ్గొస్తే కుట్లు నొప్పి పుడతాయని కాబోలు అనుకున్నాం. తర్వాతెప్పుడో చెకప్‌లో నర్సు ఒక కాగితం ఇచ్చింది, పీహెచ్‌క్యూ-9. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3. మొత్తం 10కి చేరితే డాక్టరు పట్టించుకోవాల్సిందే. ఆయనది 10 ఎప్పుడో దాటిపోయింది. మాకెందుకు చెప్పలేదంటే, "అంత ఖర్చుపెట్టి బతికించారు. బతకాలని లేదని మీ మొహాల మీద ఎలా చెప్పనురా?" అన్నాడు.

ఆయన నోరు కట్టేసింది మా పలకరింపే. మొహం లేని కాగితం ముందు ఆయనకు మొహమాటం లేకపోయింది.

అందుకే ఆ తొమ్మిది ప్రశ్నలు తెలుగులో రోగి ఫోన్‌కే రావాలంటాను. ఆరోగ్యశ్రీలో అనుమతులూ బిల్లులూ ఎలాగూ ఆన్‌లైన్‌లోనే నడుస్తాయి, ఇవీ అక్కడ చేర్చవచ్చు. అయితే మార్కులు నమోదైనంత మాత్రాన ఎవరికీ నయం కాదు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో బైపాస్ తర్వాత డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకు నర్సులు ఎనిమిది నెలలపాటు ఫోన్ చేసి మాట్లాడారు. ఆ ఫలితాలు 2009లో వచ్చాయి. వాళ్లలో సగంమందికి బాధ సగానికి సగం తగ్గింది, మామూలు వైద్యంతో అంత తగ్గినవాళ్లు 30 శాతమే. ఎవరికి ఫోన్ చెయ్యాలో కంప్యూటర్ చూపిస్తుంది, చెయ్యాల్సింది నర్సే.

తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. అక్కడ సున్నా కాక ఇంకేది పడినా ఆ పూటే ఒకరి ఫోన్ మోగాలి, వచ్చే ఓపీ దాకా ఆగకూడదు. అర్ధరాత్రయితే టెలీ మానస్ 14416 ఉంది. ఆ అలారం ఎవరి డ్యూటీయో ముందే రాసిపెట్టని ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ కొంటానంటే నేను ఒప్పుకోను.