షిమబరా మృతులు ఎవరివారు?

జపాను దర్శకుడు నగీసా ఒషిమా 1962లో తీసిన 'అమకుసా షిరో తొకిసదా' చారిత్రక చిత్రమే గాని, అట్టి చిత్రాలనుండి ప్రేక్షకుడు కోరే వీరరసం అందులో స్వల్పం. క్యూషూ ద్వీపంలో 1637 డిసెంబరులో చెలరేగి, 1638 ఏప్రిల్‌లో అణగారిన షిమబరా తిరుగుబాటు దాని ఇతివృత్తం. పూర్వం క్రైస్తవ ప్రభువుల ఏలుబడిలో ఉండిన షిమబరా, అమకుసా ప్రాంతాల రైతులు పన్నుల భారాన్నీ, మతహింసనూ సహింపలేక తిరగబడి, విడిచిపెట్టిన హరా కోటలో చేరినారు. నాయకుడైన షిరో ఇరవై యేండ్లయినా నిండని యువకుడు. కోట పడిన పిమ్మట స్త్రీలనూ పిల్లలనూ సైతం వధించినారు. కోటలో చేరినవారు 37,000 మందియని ప్రతీతి.

ఈ పోరాటం దేవుని కొరకా, అన్నం కొరకా? షోగను ప్రభుత్వం దానిని క్రైస్తవుల ద్రోహంగా ఎంచినది. అయినను రైతులను పీల్చి పిప్పిచేసిన షిమబరా ప్రభువు మత్సుకురా కత్సుయియేకు శిరచ్ఛేదం విధించక తప్పలేదు. క్రైస్తవులే అయిన డచ్చివారు షోగను పక్షాన కోటపై ఫిరంగులు పేల్చినారు. ఆయుధం పట్టి మరణించినవారు గనుక కాథలిక్ చర్చి వీరిని వేదసాక్షులుగా గణింపలేదు. రాజ్యమూ, మతమూ రెండూ కాదన్న మృతులు వీరు.

ఒషిమా వీరిని వాదప్రతివాదాల నడుమ నిలిపినాడు. ఓపికపట్టాలా, కత్తి దూయాలా అన్న తర్కం చీకటి కమ్మిన సుదీర్ఘ దృశ్యాలలో సాగుతుంది. అమెరికాతో భద్రతా ఒడంబడికకు వ్యతిరేకంగా 1960లో జరిగిన మహోద్యమం విఫలమైన వేదన ఈ చిత్రం వెనుక ఉన్నది. ఆ వేదననే చిత్రించిన 'జపానులో రాత్రీ మంచూ' అనే తన సినిమాను నిర్మాణసంస్థ కొద్దిరోజులకే ప్రదర్శననుండి తొలగించగా, ఒషిమా ఆ సంస్థనే విడిచినాడు.

చిత్రంలోని లోపమూ ఇక్కడిదే. పదిహేడవ శతాబ్దపు రైతు నోట ఇరవయ్యవ శతాబ్దపు విద్యార్థిసభ వినవస్తుంది. వాదించే మనిషి కనబడినంతగా ప్రార్థించే మనిషి కనబడడు. షూసాకు ఎండో 1966లో ప్రకటించిన 'మౌనం' నవల, ఈ తిరుగుబాటు ముగిసిన తరువాతి కాలాన్ని గ్రహించి, విశ్వాసపు లోతులు తడివినది. కాని అందలి ప్రధానవ్యథ ఒక విదేశీ మతగురువుది. పల్లెజనం దానికి పార్శ్వంలో నిలుస్తారు.

రైతు ఆకలినీ, ప్రార్థననూ విడదీసినది పాలకుల అవసరం, పండితుల సౌకర్యం. ఆ బ్రతుకులో అవి రెండు కావు. ఒషిమా ఆ ఏకత్వాన్ని పూర్తిగా పట్టలేకపోయినా, మృతులను ఏ ఒక్క పక్షానికీ అప్పగించలేదు. చారిత్రక రచనకు పూనుకొనే మన రచయితలు అతని విజయంకన్న ఈ నిగ్రహాన్ని ఎక్కువగా పరిశీలింపవలసి ఉన్నది.