చెప్పిన వరసలోనే రాసుకోవాలి

బతుకు కథలు రాసుకునే పనిలో ఉన్నవాళ్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న: ‘ఒక్క మనిషి చెప్పింది రుజువెట్లా అవుతుంది?’

హైదరాబాద్ పక్కన మందుల కంపెనీలున్న పటాన్‌చెరు నీళ్ల మీద రుజువులకు కొదవ లేదు. ఆ కంపెనీల మురుగును శుద్ధి చేసే ఇక్కడి కేంద్రం వదిలిన నీళ్లలో సిప్రోఫ్లోక్సాసిన్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించింది. ఆ లెక్క చూసి ప్రపంచం ఉలిక్కిపడింది. నీళ్లలో ఏముందో ఆ అంకె చెప్పింది. ఆ నీళ్ల వల్ల ఒక ఇల్లు ఏమైందో చెప్పాల్సింది ఆ ఇంటివాళ్లే.

ఇక్కడి నక్కవాగు పక్క ఊరి నుంచి పోతిరెడ్డిపల్లి చౌరస్తాకు పనికొచ్చే ఒక పెద్దమ్మను, వాగు ఎప్పుడు పాడైందని అడిగాను. ‘మా పెద్దపిల్ల లగ్గం జేసిన యేడు బర్లు వాగునీళ్లు ముట్టలే. మల్లొచ్చే యేటికి వరి తాలు వోయింది. అప్పటిసంది కంపెనీల ఊడ్సుడే నా పని’ అంది.

మన సర్వే ఫారంలో ఈ మూడు మాటలూ మూడు గళ్లలోకి పోతాయి: పశువులు, పంట, ఉపాధి. వాగు చెడితే రైతు ఎట్లా కూలీ అయిందో చెప్పే ముడి అక్కడే తెగిపోతుంది. ఆమె చెప్పిన వరసే అసలు సమాచారం.

అట్లాగని విన్నదల్లా రాసెయ్యకూడదు. శుభలేఖ మీది తేదీ చూడాలి, పక్క పొలం వాళ్లను అడగాలి. వాళ్లు ‘అది కరువొచ్చిన యేడు’ అంటే అదీ రాసుకోవాలి.

ఈ పద్ధతికి మన దగ్గర గట్టి పునాదే ఉంది. స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ నిండా తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లు చెప్పుకున్న బతుకులే. పోరాటం ఆగాక మళ్లీ ఇంటిపనికే మళ్లిన వాళ్ల బాధ పార్టీ తీర్మానాల్లో దొరికేది కాదు.

చెప్పినవాళ్ల పట్ల మనకో బాధ్యత ఉంది. కొడుకు పనిచేసే కంపెనీ గురించే తల్లి మాట్లాడుతుండొచ్చు. అందుకే పేరూ ఊరూ దాచాలి. రాసింది ఆమెకు చదివి వినిపించాలి, వద్దన్న మాట కొట్టెయ్యాలి.

ఒక్క కథ విని ఊరంతా ఇంతేనని తేల్చకూడదు, నిజమే. కానీ ఏం అడగాలో తెలిసేది ఆ కథ విన్నాకే. సర్వేలకొచ్చే పిల్లలకు నా విన్నపం ఒక్కటే: ముందు కూర్చుని వినండి, ప్రశ్నలు తర్వాత రాసుకోండి.