వ.పా. ముఖాల్లో వెలుగు ఎక్కడిది?

రూపచిత్రం నేర్చుకొనేవారికి వడ్డాది పాపయ్య బొమ్మలు గురువులు కాగలవా? శ్రీకాకుళంలో పుట్టి, కశింకోటలో స్థిరపడిన వ.పా. (1921–1992) చందమామ, యువ పత్రికలకు వేసిన బొమ్మలను చూస్తూ పెరిగినవాణ్ణి. నేనిప్పుడు ఉంటున్న సబ్బవరానికి కశింకోట దూరమేమీ కాదు. అయినా నా జవాబు: రంగుకు గురువు, వెలుగుకు కాదు.

ఆయన గీసిన ముఖాలను నిదానంగా చూడండి. చెంప మీద మెరుపు ఉంటుంది. అది ఏ కిటికీలోంచి వచ్చిందో చెప్పలేం. ముక్కు నీడ పెదవి మీద గట్టిగా పడదు. గడ్డం కింద కూడా పలుచని రంగు పొరే. చర్మమే దీపమై వెలుగుతున్నట్టుంటుంది. దేవతకు, కావ్యనాయికకు అది తగిన వెలుగు. వారికి వయసు లేదు, పోల్చి చూసే ఇరుగుపొరుగూ లేరు. మీ మేనత్త బొమ్మకు అదే వెలుగు పెడితే అందంగా వస్తుంది గాని ఆమెలా రాదు. కంటిగుంట లోతు, ముక్కు వాలు, దవడ మలుపు మనకు తెలిసేది నీడ వల్లనే. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ వెలుగును పక్కగా, కాస్త పైనుంచి రానిచ్చి, చీకటి చెంప మీద చిన్న ముక్కోణపు వెలుగు మిగిల్చింది అందుకే.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మా అమ్మ పోయాక, రేషన్ కార్డు ఫొటో చూసి ఆమె బొమ్మ గీశాను. ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసిన ఫొటో అది, నీడలన్నీ చెరిగిపోయాయి. లేనిచోటల్లా వ.పా. మెరుపు అద్దాను. మా పెద్దక్క చూసి, "బాగుందిరా, ఎవరిదీ బొమ్మ?" అంది.

కాబట్టి మనిషి ఉండగానే కూర్చోబెట్టి చూడండి. ఉత్తరపు కిటికీ వెలుగు రోజంతా మారదని విలాయతీ పుస్తకాలు చెబుతాయి. మన అక్షాంశంలో అది సగం నిజమే. మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు; వేసవి ఉదయాల్లో, సాయంత్రాల్లో ఆ కిటికీలోంచి ఎండ ఏటవాలుగా లోపలికి వస్తుంది. పలుచని తెల్ల పంచె అడ్డం కట్టండి, చాలు. గదిలో ట్యూబులైటు ఆర్పేయండి. రెండు వెలుగులుంటే ముక్కుకు రెండు నీడలు.

ఫొటో తప్పనిసరైతే ఫోనును ముఖం దగ్గర పెట్టకండి, ముక్కు ఉబ్బి చెవులు వెనక్కి పోతాయి. ఐదారు అడుగుల దూరం నుంచి, ఫ్లాష్ లేకుండా, ముడతలు తుడిచేసే బ్యూటీ సెట్టింగ్ ఆపేసి, మూడు నాలుగు వైపుల నుంచి తీయండి. గీసేముందు కళ్ళు చికిలించి చూస్తే చిల్లర వివరాలు పోయి పెద్ద నీడలు మిగులుతాయి. ఆ ఫొటో పక్కన ఒక వ.పా. ముఖచిత్రం పెట్టుకొని, రెండింటిలోనూ ముక్కు నీడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పెన్సిలుతో గీసి చూడండి.