టర్బో ఇంజన్‌ను తిరిగి కట్టే పనితనం

1992లో వచ్చిన మొదటి మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ నుంచి తొమ్మిదో తరం వరకు ఆ కార్లను నడిపింది 4జీ63 టర్బో ఇంజన్: 85 మి.మీ. బోరు, 88 మి.మీ. స్ట్రోకు, పోత ఇనుప బ్లాకు. దాన్ని ఎక్కువ శక్తి కోసం తిరిగి కట్టాలంటే ముందు కాగితం మీద లెక్క తేలాలి. కారు రోడ్డు మీద తిరగాలా, రేసుకు దిగాలా, ఏ పెట్రోలు దొరుకుతుంది అన్నదాన్ని బట్టే కంప్రెషన్ నిష్పత్తి, టర్బో సైజు, ఇంజెక్టర్లు నిర్ణయమవుతాయి.

అసలు పనితనం బోరింగ్ షాపులో కనిపిస్తుంది. మంచి మెషినిస్టు కొత్త పిస్టన్లు చేతికి రానిదే బ్లాకును ముట్టడు. ఒక్కో పిస్టన్‌ను మైక్రోమీటరుతో కొలిచి, దానికి తగ్గట్టే ఆ సిలిండరును హోనింగ్ చేస్తాడు, అంటే లోపలి గోడను సన్నగా అరగదీస్తాడు. ఆ సమయంలో బ్లాకు పైన మందపాటి టార్క్ ప్లేటు బిగించి ఉంచుతాడు. హెడ్డు బోల్టుల బిగువుకు సిలిండరు గుండ్రదనం కాస్త చెదురుతుంది. ఆ మార్పును ప్లేటుతో ముందే రప్పించి సరిచేయడం ఎంత గొప్ప ఆలోచన! పిస్టన్ రింగు కొనల మధ్య ఖాళీ మరీ సున్నితమైనది. టర్బో వేడికి రింగు సాగుతుంది. ఖాళీ చాలకపోతే కొనలు ఒకదాన్నొకటి నెట్టుకుని పిస్టన్ గాడి అంచు విరుగుతుంది. అందుకే టర్బో లేని ఇంజన్ కంటే ఎక్కువ ఖాళీ, అర మిల్లీమీటరుకు అటూఇటూగా, ఉంచుతారు. ప్రతి రింగునూ దాని సిలిండరులోనే పెట్టి చూస్తూ ఓపికగా అరగదీస్తారు.

తర్వాత బేరింగుల ఖాళీలు, బ్యాలెన్సింగ్, కడగడం. చివరికి ఇంజన్ శక్తిని కొలిచే డైనో మీద ఇంధనం, ఇగ్నిషన్ టైమింగ్ సరిచూసుకుంటూ బూస్టును, అంటే టర్బో గాలి ఒత్తిడిని, మెల్లగా పెంచుతారు.