జోబులు చూసుకుంటివా?

మా జయనగర్ ఇంట్లో మొజాయిక్ నేల మీద ‘టింగ్’మని చిన్న చప్పుడైంది. రాత్రి పదకొండు దాటింది. తెల్లారితే ఫ్రాంక్‌ఫర్ట్ విమానం, అక్కడి నుంచి హానోవర్‌లో పోటీ. షూటింగ్ జాకెట్‌ని తలకిందులుగా పట్టుకుని దులుపుతున్నాను. కేన్వాసు, తోలు కలిపి కుట్టిన జాకెట్ అది. కుర్చీలో పెడితే మనిషిలా కూర్చుంటుంది. కుడి జేబు అడుగున కుట్టు ఊడి, రెండు గుడ్డల మధ్య వేలు పట్టేంత సందు పడింది. అందులోంచి జారిపడింది ఒక .22 తూటా. ఇత్తడి గొట్టం, బూడిదరంగు సీసపు మొన, అంగుళం పొడవు, మూడు గ్రాముల పైచిలుకు బరువు. మంచం కిందికి దొర్లిపోతే మోకాళ్ళ మీద వంగి, ఫోన్ లైటు వేసి బయటికి తీశాను. పెద్ద సూట్‌కేసు బరువు తగ్గుతుందని, అప్పటిదాకా ఆ జాకెట్‌ని చేతి బ్యాగులో పెట్టుకుందామనే అనుకున్నాను.

తూటాని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు నేల మీదే కూర్చున్నాను. కొన్ని నెలల ముందు రేంజ్‌లో లెక్కకి ఒకటి తగ్గితే, పేల్చిన ఖాళీ గొట్టాల్లో కలిసిపోయి ఉంటుందిలే అని సరిపెట్టుకున్న రోజు గుర్తొచ్చింది.

నాకు లైసెన్సు ఉంది, తూటా నాదే. అయినా దేవనహళ్ళి విమానాశ్రయంలో ఎక్స్‌రే తెర మీద అది కనబడి ఉంటే నా ప్రయాణం అక్కడితో ఆగేది, పోలీస్ స్టేషన్‌లో సమాధానం చెప్పుకోవాల్సి వచ్చేది. బ్యాగు మూలన మరిచిపోయిన ఒక్క తూటా వల్ల కేసుల్లో చిక్కుకున్నవాళ్ళు మన దేశంలో ఎంతోమంది. ఆయుధాల చట్టంలో ‘కలిగి ఉండటం’ అంటే ఎరిగి కలిగి ఉండటమేనని 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని ఆధారం చేసుకునే ఢిల్లీ హైకోర్టు ఇలాంటి ఒంటి తూటా కేసులు చాలా కొట్టేసింది. కానీ కోర్టు కొట్టేసే నాటికి పోటీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది, వీసా కాగితాల్లో ఒక గడి మారిపోయి ఉంటుంది.

నాకు షూటింగ్ నేర్పిన సార్ హలసూరులోని మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌లో సుబేదారుగా చేసి రిటైరయ్యారు. సొంతూరు పలమనేరు దగ్గర. నాది హిందూపురం. బెంగళూరులో కన్నడం, ఇంగ్లీషు, హిందీ మధ్య నలిగే రేంజ్‌లో మా ఇద్దరిదీ సీమ మాట. ప్రాక్టీసు ముగించి గేటు దాటే ప్రతిసారీ ఆయన అడిగేది ఒకటే: “అమ్మీ, జోబులు చూసుకుంటివా?” నేను మొదటిసారి తుపాకీతో విదేశం వెళ్ళేటప్పుడు, ఇంటికొచ్చి నా కేసు తెరిపించి చూశారు. అన్నీ నాకు చేతికందేలా, పోటీ దగ్గర చకచకా తీసుకునేలా సర్దుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, అన్నీ బయట పెట్టించారు. “నీ కోసరం సర్దుకోవద్దమ్మీ. తెరిచి చూసేవాని కోసరం సర్దు. వానికి తుపాకీ అంటే తెల్దు. చూస్తానే వానికి భయం పోవల్ల.”

అప్పటినుంచి నా పెట్టె ఆ తెలియని మనిషి కోసమే. మూత తీయగానే మొదట కనబడేది నారింజరంగు తాడు. గొట్టం వెనక నుంచి మొన దాకా దూర్చిన ఆ తాడు రెండు కొసలా వేలాడుతుంటుంది. మేం సేఫ్టీ ఫ్లాగ్ అంటాం. అది ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చిందంటే లోపల తూటా లేదని తుపాకీ ముఖం చూడనివాళ్ళకి కూడా అర్థమవుతుంది. బోల్ట్ విడిగా తీసి, దానికని ఫోమ్‌లో కోసిన గుంటలో. సైట్లు వాటి సొంత డబ్బాలో. తూటాలు కంపెనీ అట్టపెట్టెల్లోనే, వేరే తాళం ఉన్న ఇంకో పెట్టెలో. తాళంచెవులు నా మెడలో. ఇక చేతి బ్యాగు సంగతి. నా చేతి బ్యాగు పుట్టి బుద్ధెరిగి రేంజ్ మొహం చూడలేదు. పేలుడు పదార్థాల కోసం గుడ్డముక్కతో తుడిచి పరీక్షించేటప్పుడు మందుగుండు నలుసున్నా యంత్రం కూస్తుంది. ఆ రాత్రి జాకెట్‌ని అందులో పెట్టబోవడమే నేను చేసిన మొదటి తప్పు.

ఇన్ని తంటాలు ఎందుకు, అక్కడే ఒక తుపాకీ అద్దెకి తీసుకోకూడదా అని మా చుట్టాలు అడుగుతుంటారు. ఒంటికి కుట్టించుకున్న రవికెని అద్దెకి తెచ్చుకోలేం కదా. చెంప ఆనించే చెక్క ఎత్తు, భుజానికి తగిలే బట్ ప్లేట్ వంపు, ట్రిగ్గర్‌కీ వేలికీ మధ్య దూరం, అన్నీ నెలల తరబడి మిల్లీమీటర్ల లెక్కన నా ఒంటికి కుదుర్చుకున్నవి. పిస్టల్ వాళ్ళు పిడిని ఆకురాయితో అరగదీసి, పుట్టీ పూసి, మళ్ళీ అరగదీసి అరచేతి గీతల దాకా అమర్చుకుంటారు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. అంత చిన్న చుక్క దగ్గర ఇంకొకరి తుపాకీ ఎందుకూ పనికిరాదు. 2021లో టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫికేషన్ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయిస్తే, బాగు చేయించుకునేసరికి పోయిన నిమిషాలు ఆమెని ఫైనల్‌కి దూరం చేశాయి. పనిముట్టుకీ మనిషికీ ఉన్న ముడి అది. విమానం పొట్టలో సూట్‌కేసుల మధ్య వెళ్ళేది ఆ ముడే.

చట్టం మాత్రం నేను అనుకున్నంత కఠినంగా లేదు. 1959 ఆయుధాల చట్టం పదో సెక్షన్ ప్రకారం, లైసెన్సు ఉన్న మనిషి సొంత వాడుకకి సమంజసమైన మేరకు ఆయుధాన్నీ తూటాలనీ ఎగుమతి, దిగుమతి లైసెన్సులు వేరే తీసుకోకుండానే దేశం దాటించవచ్చు, తిరిగి తెచ్చుకోవచ్చు. చిక్కంతా దాని చుట్టూ ఉన్న కాగితాలది. టికెట్టు కొనకముందే ఎయిర్‌లైన్‌ని అడగాలి. టికెట్టు మీద ఒక పేరు, విమానం నడిపేది ఇంకొకరు అయితే నడిపేవాళ్ళ అనుమతి కావాలి. మధ్యలో విమానం మారే దేశం కూడా, మనం బయటికి అడుగు పెట్టకపోయినా, అనుమతి అడగవచ్చు. అందుకే ఎక్కువ డబ్బయినా బెంగళూరు నుంచి నేరుగా వెళ్ళే విమానమే వెతుకుతాను. పోటీవాళ్ళ ఆహ్వానం, ఆ దేశపు అనుమతి, ఫెడరేషన్ ఉత్తరం, లైసెన్సు అసలు పుస్తకం, కస్టమ్స్ దగ్గర తీసుకునే ఎగుమతి సర్టిఫికెట్. తిరిగొచ్చేటప్పుడు ఇది కొత్తగా కొన్నది కాదు, ఇక్కడి నుంచి వెళ్ళిందే అని చూపించేది ఆ చివరి కాగితమే.

తూటాల బరువు విషయంలో ప్రపంచమంతా ఒకటే మాట. ప్యాకింగుతో కలిపి మనిషికి 5 కిలోలు, ఇద్దరి వాటాలు ఒకే పెట్టెలో కలపకూడదు. మాకు అది ధారాళం; .22 తూటాలు వెయ్యికి పైగా వస్తాయి. షాట్‌గన్ వాళ్ళని చూస్తే జాలేస్తుంది. పన్నెండు బోరు తూటాలు 25 ఉన్న పెట్టెలు అయిదైతే చాలు, 5 కిలోలు నిండిపోతాయి. ట్రాప్ క్వాలిఫికేషన్‌లో ఎగిరే మట్టి పళ్ళేలు 125, ఒక్కోదానికి రెండు షాట్ల దాకా అవకాశం. అంటే ఇంటి నుంచి మోసుకెళ్ళింది ఒక్క పోటీకే చాలకపోవచ్చు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ట్రాప్ టీమ్ స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం తెచ్చిన మన హైదరాబాద్ షూటర్ కైనాన్ చెనాయ్ ఆడేది ఆ ఆటే. ఎయిర్ రైఫిల్ వాళ్ళ తంటా వేరు. 20 జౌళ్ళలోపు శక్తి ఉన్న .177 ఎయిర్‌గన్‌కి 2016 నియమాల ప్రకారం మన దగ్గర లైసెన్సు అక్కర్లేదు, పెల్లెట్లలో మందుగుండూ ఉండదు. కానీ గాలి సిలిండర్‌లో 200 బార్ల ఒత్తిడి ఉంటుంది. దాన్ని విప్పి, గాలంతా వదిలేసి, ఖాళీదని చూపించాలి. బుస్సుమని పోయే ఆ చప్పుడు ఇంట్లోనే అయిపోవాలి, కౌంటర్ దగ్గర కాదు.

కౌంటర్ దగ్గర నేను ఒకసారి గంటన్నర నిలబడ్డాను. తప్పు నాదే. అనుమతి కోసం నేను పంపిన మెయిల్‌లో రైఫిల్ నంబర్ చివరి రెండు అంకెలు అటుదిటు పడ్డాయి. ఎయిర్‌లైన్ ఉత్తరం కూడా అదే నంబర్‌తో వచ్చింది, నేను సరిచూసుకోలేదు. పెట్టె తెరిచిన సెక్యూరిటీ అమ్మాయికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు ఉంటాయేమో. ఇనుము మీద చెక్కిన నంబర్‌ని టార్చి వెలుగులో ఒక్కో అంకే వేలు పెట్టి చదివింది. కాగితం చూసింది. మళ్ళీ చదివింది. “మేడమ్, ఇదు బేరె ఇదె,” వేరేగా ఉంది అంది కన్నడంలో, గొంతు పెంచకుండా. వెనక లైనంతా నా పెట్టె వైపే చూస్తోంది. ఒకాయన తన పిల్లవాణ్ణి దగ్గరికి లాక్కున్నాడు. నేను లైసెన్సు, కొన్న రసీదు, నంబర్‌ని దగ్గరగా తీసిన ఫోటో ఒకదాని పక్కన ఒకటి పరిచాను. డ్యూటీ మేనేజర్ వచ్చి, ఫోన్లు చేసి, సవరించిన ఉత్తరం తెప్పించేసరికి కౌంటర్ మూసే వేళయింది. ఆ అమ్మాయి మీద నాకు ఆరోజు గానీ ఈరోజు గానీ కోపం లేదు. ఆమె చదివినంత శ్రద్ధగా నేను నా మెయిల్ చదివి ఉండాల్సింది.

పిల్లవాణ్ణి దగ్గరికి లాక్కున్న ఆ తండ్రినీ తప్పు పట్టలేను. 1996 మార్చిలో స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్ బడిలో ఒకడు లైసెన్సున్న చేతి తుపాకులతోనే 16 మంది పసిపిల్లల్నీ వాళ్ళ టీచర్నీ చంపాడు. మరుసటి ఏడే బ్రిటన్ దాదాపు అన్ని చేతి తుపాకుల్నీ నిషేధించింది. ఆ తర్వాత అక్కడి పిస్టల్ షూటర్లు ప్రాక్టీసుకి పరాయి దేశాలకి వెళ్ళాల్సి వచ్చింది. 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడలకి, 2012 లండన్ ఒలింపిక్స్‌కి ప్రత్యేక అనుమతులు ఇస్తే గానీ పోటీలు జరగలేదు. లండన్‌లోనే మన హైదరాబాద్ గగన్ నారంగ్ ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు. జపాన్‌లో ఎయిర్ పిస్టల్ ఉంచుకునే హక్కు దేశం మొత్తానికి 500 మందికి మించి ఇవ్వరు. ఈ లెక్కలు నా ఆటకి అడ్డమే. అయినా ఆ పదహారు మంది పిల్లల్ని తలుచుకున్నాక, నా పెట్టె మూడుసార్లు తెరవమంటే నాలుగోసారి కూడా తెరుస్తాను.

అయితే తనిఖీ చేసేవాళ్ళకీ ఆ పని తెలిసి ఉండాలి. 2021 ఫిబ్రవరిలో భోపాల్ వెళ్ళే మను భాకర్, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి పత్రం చేతిలో ఉండి కూడా, ఢిల్లీలో విమానం ఎక్కలేక ట్విటర్‌లో గోడు చెప్పుకోవాల్సి వచ్చింది. పందొమ్మిదేళ్ళ పిల్ల, అప్పటికే దేశమంతా ఎరిగిన పేరు. క్రీడల మంత్రి కలగజేసుకుంటే గానీ దారి తెరుచుకోలేదు. పేరులేని పిల్లల సంగతి ఆలోచిస్తే నాకు బెంగగా ఉంటుంది. ఈశా సింగ్‌ని చూసి హైదరాబాద్‌లో, ప్రకాశ్ నంజప్పని చూసి బెంగళూరులో పిస్టల్ పట్టుకున్న పిల్లలు ఇవాళ ఎందరో ఉన్నారు. వాళ్ళకి కాల్చడం నేర్పే చోట్లు పెరిగాయి. పెట్టె సర్దడం, కాగితం చదవడం, కౌంటర్ దగ్గర నిదానంగా మాట్లాడటం కూర్చోబెట్టి నేర్పేవాళ్ళు తక్కువ. విమానాశ్రయాల్లో కొత్తగా చేరినవాళ్ళకి కూడా ఒక పూట ఒక రేంజ్‌లో పాఠం పెడితే ఎంత మేలో.

2023 సెప్టెంబర్ నుంచి బెంగళూరులో అంతర్జాతీయ విమానాలన్నీ రెండో టెర్మినల్‌కి మారాయి. వెదురు కప్పు కింద, వేలాడే మొక్కల మధ్య తిరిగొచ్చి దిగి, కస్టమ్స్ గ్రీన్ చానెల్ ఖాళీగా కనబడుతున్నా నేను రెడ్ చానెల్‌కే నడుస్తాను. నంబర్ చదువుతారు, సర్టిఫికెట్‌తో పోలుస్తారు. తెల్లవారుజామున నిద్రకళ్ళతో ఆ నంబర్ మళ్ళీ వినడం నాకు ఇష్టం.

ఇప్పుడు సార్ రేంజ్‌కి రావడం లేదు, మోకాళ్ళు సహకరించక. ఆయన దగ్గర మిగిలిన నలుగురు పిల్లల్నీ నేను చూసుకుంటున్నాను. వాళ్ళలో ఒకమ్మాయి వచ్చే వారం మొదటిసారి దేశం దాటుతోంది. నిన్న సాయంత్రం వాళ్ళింట్లో హాలు మధ్య జాకెట్ తలకిందులుగా పట్టుకుని దులిపింది. ఫ్యాన్ ఆపించి, నేల మీద కూర్చుని చెవి ఒగ్గాను. ఏమీ పడలేదు. కుట్ల వెంబడి వేలు పోనిచ్చి చూడమన్నాను. చూసింది. జేబులు బయటికి లాగి, మళ్ళీ దులపమన్నాను.

“అక్కా, అయిపోయిందిగా,” అంది.

“ఇంకొక్కసారి, తల్లీ.”