నేలలో గది కట్టే తల్లి

హైదరాబాదులో దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ వైపు పెరట్లో తులసి పూతకొచ్చిందంటే ఎండ పడగానే ఒక వేరే రకం తేనెటీగ వచ్చి వాలుతుంది. వాలుతుందనడం కూడా తప్పే. గాల్లో ఒకచోట నిలబడి, చటుక్కున పువ్వు మీదికి దూకి, మన కన్ను అందుకునేలోగా పక్క రెమ్మ మీద ఉంటుంది. నల్లటి పొట్ట మీద నీలి, ఆకుపచ్చ కలిసి మెరిసే చారలు: ఆడదానికి నాలుగు, మగదానికి ఐదు. ఇది అమెజిల్లా జొనాటా. 1758లోనే శాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి పేరు పెట్టాడు. దీనికి తేనెపట్టు లేదు, రాణి లేదు, పనివాళ్ల దండు లేదు. ప్రతి ఆడ ఈగా నేలలో తన గూడు తానే కట్టుకుంటుంది. ఆ కట్టడం చూశాక, ఈ ఊళ్లో ఇంతకంటే నేర్పరి మేస్త్రీ లేడనిపిస్తుంది నాకు.

దీని బంధువుల్లో పొడవు మీసాల తేనెటీగలు అని ఇంకో గుంపు ఉంది, యూసెరిని తెగ. మన దేశంలోనూ ఉన్నాయి. వీటిలో మగదాన్ని పోల్చుకోవడం తేలిక: మీసాలు వెనక్కి మడిస్తే దాదాపు ఒంటి పొడవంతా వస్తాయి. ఆడదాని వాసన పట్టడానికే అంత మీసం. ఆడదానికి మీసాలు పొట్టి, అందుకని కాళ్లు చూడాలి. మామూలు తేనెటీగ పుప్పొడిని తడిపి వెనక కాలి మీద ఉండగా చేసి మోస్తుంది. ఈ ఒంటరి ఈగల వెనక కాళ్లకు ఒత్తైన వెంట్రుకల కుచ్చు ఉంటుంది, పుప్పొడి అందులో పొడిపొడిగా అంటుకుని ఉంటుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే ఏది పట్టు కట్టే ఈగో, ఏది నేల తవ్వే ఈగో చాలావరకు చెప్పేయొచ్చు.

ఇక పనితనం. ఆడ ఈగ మట్టిని దవడలతో కొరికి, కాళ్లతో వెనక్కి నెడుతుంది. ఇరుకు బొరియలో జారిపోకుండా మోకాలి దగ్గర గట్టి బిళ్ల ఒకటి ఉంటుంది, దాన్ని గోడకు తన్నిపెట్టి నిలుస్తుంది. పొట్ట చివర ఇంకో చదునైన బిళ్ల ఉంటుంది. సొరంగం చివర గది తొలిచాక ఈగ వెనక్కి తిరిగి ఆ బిళ్లతో గోడను అదుముతుంది, రుద్దుతుంది, మళ్లీ అదుముతుంది. మట్టి రేణువు ఒక్కటి కూడా పైకి పొడుచుకు రానివ్వదు. ఇదంతా చీకట్లో, తాకిడితోనే. నేర్పిన తల్లి లేదు, చూసి నేర్చుకున్న గూడు లేదు.

గోడ నునుపయ్యాక పొట్టలోని ఒక గ్రంథి నుంచి స్రావం తీసి లోపలంతా పూస్తుంది. అది ఆరితే మైనం లాంటి పొర అవుతుంది, నేల చెమ్మ లోపలికి దిగదు. వానాకాలపు మట్టిలో పుప్పొడి బూజు పట్టకుండా నిలవాలంటే ఆ పూత ఉండాల్సిందే. అమెజిల్లాకు దగ్గరి చుట్టమైన ఆంథోఫొరా ఈగల్లో ఆ స్రావం గోడ పూత మాత్రమే కాదు, పిల్లపురుగుకు తిండి కూడా అని 1980లో తేలింది. అది తేల్చిన వారిలో సుజాన్ బాత్రా ఒకరు. అంతకుముందు, 1966లో, మన దేశపు నేలగూళ్ల తేనెటీగల సంఘజీవనం మీద రాసిన శాస్త్రవేత్త కూడా ఆమే. ఒకే పదార్థాన్ని గోడకు పూసి, అదే బిడ్డ నోటికీ అందించే ఏర్పాటు నన్ను ప్రతిసారీ ఆపి ఆలోచింపజేస్తుంది.

తర్వాత పుప్పొడి, మకరందం కలిపి గది నింపి, ఒక గుడ్డు పెట్టి, మట్టితో మూత బిగిస్తుంది. యూసెరిని గూళ్లలో ఆ మూతను లోపలివైపు నుంచి చూస్తే మట్టి చుట్టలు చుట్టుకుంటూ నడిమికి వచ్చి ముగుస్తాయి. ఒక గది అయ్యాక ఇంకోటి. చాలాసార్లు బిడ్డ బయటికి వచ్చేనాటికి తల్లి ఉండదు.

మగవాటికి గూడే లేదు. సాయంత్రమైతే ఎండు పుల్లను దవడలతో కరిచిపట్టుకుని, వరుసగా వేలాడుతూ నిద్రపోతాయి. ఇంత కష్టపడి కట్టిన గదికి దొంగ కూడా ఉంది: నీలి మచ్చల థైరియస్ ఈగ. తాను తవ్వదు, పుప్పొడి మోయదు, అమెజిల్లా గూట్లో తన గుడ్డు పెట్టి పోతుంది.

వంగ, టమాటా పూలు పుప్పొడిని సన్నటి గొట్టాల్లో దాచుకుంటాయి. అమెజిల్లా పువ్వును పట్టుకుని ఒళ్లు ఝుమ్మనిపించి దాన్ని రాలుస్తుంది. పట్టు కట్టే తేనెటీగకు ఆ విద్య రాదు. మిద్దెతోట పెంచేవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

వనస్థలిపురం పక్కన మహావీర్ హరిణ వనస్థలిలో ఇంకా తవ్వుకోవడానికి నేల ఉంది. చైతన్యపురి, కొత్తపేట గల్లీల్లో మాత్రం గేటు నుంచి గోడ దాకా టైల్సే. కాబట్టి మీ ప్రహరీ పక్కన, ఎండ తగిలేచోట, రెండడుగుల మట్టిని కప్పకుండా వదలండి. అక్కడ పెన్సిల్ పట్టేంత రంధ్రం కనిపిస్తే సిమెంటు పూయకండి, మందు కొట్టకండి. కాపలా కాయడానికి పట్టు లేని ఈగ ఇది, చేత్తో నలిపితే తప్ప కుట్టదు.